ఎరుపు ఎవరి సాక్షి?

(కోటగిరిలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చుకిచ్చేటప్పుడు సభలో అన్న మాటల్ని చాలావరకు అలాగే ఉంచాను.)



ఆహ్వానపత్రం మీద ‘జీవశాస్త్రం సారు స్మారకోపన్యాసం’ అని మాత్రమే ఉంది. పేరేదని కొందరు అడిగారట. తన పేరు మీద ఏదీ పెట్టొద్దని, పెట్టక తప్పకపోతే పాఠం పేరు పెట్టమని సారే చెప్పి వెళ్లారని ఇంట్లోవాళ్లు అన్నారు. దాంతో మనకేం ఇబ్బంది లేదు. ఈ చుట్టుపక్కల జీవశాస్త్రం సారు అంటే రెండో మనిషి గుర్తుకు రాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు సారు చాట పట్టుకొని క్లాసులోకి వచ్చారు. చాటలో ఒక టమాటా, ఒక ఎండుమిరపకాయ, సగం కోసిన దానిమ్మ, ఆర్మూర్ వైపు నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఎర్రజొన్న కంకి. ‘ఇందులో పండ్లు ఎన్ని రకాలు?’ అని అడిగారు. రెండన్నాం. ‘నాలుగు’ అన్నారు. ‘ఎరుపులు ఎన్ని?’ అన్నారు. ఒక్కటేనన్నాం. ‘అదీ తప్పే’ అన్నారు. ‘సరే, ఎర్రగా ఉంటే మంచిదని మీకు ఎవరు చెప్పిన్రు?’ అనేసరికి బెల్లు కొట్టేశారు. సారు జవాబు చెప్పకుండానే చాట చంకన పెట్టుకొని వెళ్లిపోయారు.

ఆ మూడో ప్రశ్నకు ఇన్నేళ్ల తర్వాత జవాబు రాసుకొచ్చాను. మార్కులు వేసే మనిషి లేరు. మీరే వేయాలి.

ముందుగా నా వాదన ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పండు మీది ఎరుపు ఒక సాక్షి. అబద్ధాల సాక్షి కాదు. కానీ తనకు తెలిసినంతే చెబుతుంది, మనం మాత్రం తెలియనిది కూడా దాని నోట పలికిస్తాం. ‘నువ్వు ఎవరి గురించి చెబుతున్నావు? ఎంతవరకు చూశావు?’ అని ఆ సాక్షిని నిలదీసే వకీలే జన్యుశాస్త్రం.

1. గింజ కూడా పండే

పువ్వులోని అండాశయం ముదిరితే అయ్యేది పండు. ఈ లెక్కన కూరలో వేసుకునే టమాటా పండే, కారం దంచుకునే మిరపా పండే. జొన్న గింజ దగ్గర మనం తడబడతాం, ఎందుకంటే అక్కడ పండు గోడ లోపలి విత్తనానికి పూర్తిగా అతుక్కుపోయి ఉంటుంది. ఒలవడానికి రాదు. దంచినప్పుడు పైపొట్టుగా రాలేది ఆ పండు గోడే. మడ్నూర్ వైపు రొట్టెలకు వాడే తెల్లజొన్నకూ ఆర్మూర్, బాల్కొండ వైపు పండే ఎర్రజొన్నకూ కంటికి కనబడే తేడా అంతా ఆ సన్నటి గోడలోనే ఉంది.

ఈ సంగతి గుర్తుంచుకోండి. రంగు గోడలో ఉంది. ఆ గోడ ఎవరిదన్నది కాసేపటికి పెద్ద చిక్కుముడి అవుతుంది.

2. రెండు కార్ఖానాలు, నాలుగు ఎరుపులు

ఇంట్లో అమ్మలకు ఈ పాఠం ముందే తెలుసు. ఎండుమిరపకాయ పోపులో వేస్తే నూనె ఎర్రబడుతుంది. టమాటా కూర మీద తేలే నూనె కూడా ఎర్రగా ఉంటుంది. ఈ రెండింటి రంగూ నూనెలో కరిగే జాతి, కెరోటినాయిడ్లు. టమాటాలో ఉన్నది లైకోపీన్, మిరపలో ముఖ్యంగా క్యాప్సాంథిన్. దానిమ్మ ఒలిస్తే చేతికి అంటేది నీళ్లలో కరిగే ఆంథోసయనిన్. ఎర్రజొన్న గోడలోని రంగు ఫ్లోబాఫీన్. ఇది ఆంథోసయనిన్‌కు దాయాది, కానీ నీళ్లకు లొంగదు, గోడను పట్టుకొని ఉంటుంది. అంటే కార్ఖానాలు రెండు, సరుకులు నాలుగు. బీట్‌రూట్, డ్రాగన్ ఫ్రూట్‌లది ఇంకో ఎరుపు. దాని జోలికి ఈ పూట పోను.

కార్ఖానా ఎలా నడుస్తుందో బోధన్ వాళ్లకు నేను చెప్పాలా? 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నాం. గానుగలో చెరకు పడితే రసం, మడ్డి తీసి కాస్తే చిక్కటి పాకం, పాన్‌లో పలుకు కడితే చక్కెర. ఒక యంత్రం జోరందుకొని దాని తర్వాతది మందగిస్తే, ఆ రెండింటి నడుమ సరుకు కుప్పపడుతుంది. (హాల్లో నిట్టూర్పులు వినబడుతున్నాయి. 2015 డిసెంబరులో మూతపడ్డ లైను గురించి మాట్లాడి మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు.)

టమాటాలో సరిగ్గా ఇదే జరుగుతుంది. పండు రంగు తిరిగే వేళకు లైను మొదట్లో ఉండే ఫైటోయీన్ సింథేజ్ అనే ఎంజైము జోరందుకుంటుంది. లైకోపీన్‌ను తర్వాతి సరుకుగా మార్చే సైక్లేజ్ ఎంజైములు మందగిస్తాయి. నడుమ లైకోపీన్ కుప్పపడుతుంది. టమాటా ఎరుపంటే ఆ కుప్పే. మొదటి యంత్రాన్ని నడిపే జన్యువు పాడైతే పండు పసుపుగా మిగులుతుంది. మిరపలో లైను అక్కడ ఆగదు. లైకోపీన్ దాటి, క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ దాటి, చివరికి క్యాప్సాంథిన్‌ను చేసే ఎంజైము దాకా పోతుంది. ఆ చివరి ఎంజైము జన్యువు చెడితే మిరప పండినా పసుపే.

చూశారా, టమాటాది నడిమధ్యలో ఆగిన లైను, మిరపది చివరిదాకా నడిచిన లైను. చాటలో పక్కపక్కన పెడితే కంటికి రెండూ ఒకే ఎరుపు. సారు రెండో ప్రశ్నకు మేం తప్పు చెప్పింది అందుకే.

3. మేస్త్రీ, కూలీలు, ఆ గోడ ఎవరిది?

ఇక మన జిల్లా పండుకు వద్దాం. జొన్న రంగు ఎలా సంక్రమిస్తుందో లెక్కగట్టినవాళ్లలో దక్షిణాది వాళ్లున్నారు. 1930లలో కోయంబత్తూరులో జి.ఎన్. రంగస్వామి అయ్యంగార్, ఆయన బృందం జొన్న గుణాల వారసత్వం మీద వరుసగా పరిశోధనలు ప్రచురించారు. గోడ రంగుకు ప్రధానంగా రెండు జన్యువులు. వాటిని వై, ఆర్ అంటారు. రెండూ పనిచేస్తే ఎరుపు. వై ఉండి ఆర్ లేకపోతే నిమ్మపండు పసుపు. వై లేకపోతే ఆర్ ఉన్నా లేకున్నా తెలుపే. రెండు జన్యువులూ పనిచేసే ఎర్రదాన్నీ రెండూ లేని తెల్లదాన్నీ కలిపి, వచ్చిన మొక్కను దాని పుప్పొడితోనే గింజ కట్టనిస్తే, తర్వాతి తరంలో సగటున ప్రతి 16 మొక్కల్లో 9 ఎర్రవి, 3 పసుపువి, 4 తెల్లవి. పిల్లలూ, పరీక్షలో వచ్చే 9:3:3:1కి ఇది పిన్ని కొడుకు. చివరి రెండు గుంపులూ కలిసిపోయి 4 అయింది.

వై జన్యువు స్వయంగా రంగు చెయ్యదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఇటుక మొయ్యడు కదా. ఎవరు ఎప్పుడు ఎక్కడ పని మొదలుపెట్టాలో చెబుతాడు. వై ఇచ్చే ప్రొటీన్‌దీ అదే పని. రంగు చేసే ఎంజైముల జన్యువులను తట్టి లేపుతుంది. మేస్త్రీ రాకపోతే కూలీలు అడ్డా మీదే ఉంటారు. తెల్లజొన్నలో రంగు చేసే కూలీలు లేక కాదు, గోడ దగ్గరికి మేస్త్రీ రాలేదు. యాపిల్, ద్రాక్ష ఎరుపులనూ ఇదే కుటుంబపు మేస్త్రీలు శాసిస్తారు. మక్కలోనూ వైకి తోబుట్టువు లాంటి జన్యువు ఉంది. గింజలు ఒలిచాక మిగిలే మక్క బెండు కొన్నిట్లో ఎర్రగా, కొన్నిట్లో తెల్లగా ఉండటం చూసే ఉంటారు. అది దాని చలవే.

ఇప్పుడు ఆ చిక్కుముడి. గోడ అండాశయానిది. అండాశయం తల్లి మొక్కది. గింజ లోపలి మొలక మాత్రం తల్లీ తండ్రీ కలిస్తే పుట్టిన బిడ్డ. అంటే జొన్న గింజ మీది రంగు తల్లి కట్టుకున్న చీర రంగు. లోపలి బిడ్డ గురించి అది ఏమీ చెప్పదు.

దీని వల్ల రైతుకు జరిగేది వినండి. తెల్లజొన్న చేను పక్కన ఎర్రజొన్న చేను ఉంది. జొన్న చాలావరకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది గానీ, కొంత పక్క చేనుది పడుతుంది. ఆ ఏడాది తెల్ల కంకిలో ఒక్క గింజకూ ఎరుపు రాదు. కంకులు చూసి శుద్ధమైన విత్తనమని మురిసి దాచుకుంటాం. మరుసటి ఏడు చేనులో అక్కడక్కడ ఎర్ర కంకులు లేస్తాయి. ‘విత్తనం మోసం’ అంటాం. ఆ విత్తనం అబద్ధమాడలేదు. తల్లి సంగతి అడిగి బిడ్డ సంగతి విన్నామని అనుకున్నాం. పసుపు మక్క దగ్గర ఇలా కాదు. ఆ పసుపు లోపలి పిండి భాగంలో ఉంటుంది, అది బిడ్డ వైపుది. అందుకే పక్క చేను పుప్పొడి పడితే తెల్ల మక్క కంకిలో అదే పంటకు పసుపు గింజలు కనబడతాయి. ఒక సాక్షి తల్లిది, ఇంకోటి బిడ్డది. అడిగే ముందు ఎవరిదో తెలుసుకోవాలి.

4. గెంతే జన్యువులు

కొన్ని జొన్నల్లో గింజ గోడ మీద ఎర్ర చారలు ఉంటాయి, మిఠాయి పుల్ల మీద గీతల్లా. వై జన్యువు నడుమ ఒక డీఎన్‌ఏ ముక్క వచ్చి కూర్చుంటే మేస్త్రీ నోరు మూసుకుంటాడు. గోడ పెరుగుతుండగా ఏదో ఒక కణంలో ఆ ముక్క లేచి గెంతి వెళ్లిపోతుంది. మేస్త్రీ మళ్లీ మాట్లాడతాడు. ఆ కణం పిల్లలూ మనవలూ ఎరుపు. అదే చార. మక్క గింజల మీది ఇలాంటి చారల వారసత్వాన్ని అమెరికాలో ఎమర్సన్ 1914లోనే వర్ణించాడు. అవి ఎందుకు వస్తాయో, జన్యువుల నడుమ గెంతే ముక్కలు ఉంటాయని మక్క గింజల్లోనే చూపించిన బార్బరా మెక్‌క్లింటాక్ వల్ల తర్వాత తెలిసింది. ఆమెకు 1983లో నోబెల్ వచ్చింది.

ద్రాక్షలోనూ ఇదే కథ. తెల్లద్రాక్షల్లో చాలావాటి తెలుపు వెనక మేస్త్రీ జన్యువులో వచ్చి కూర్చున్న అలాంటి ముక్క ఉంది. యాపిల్‌లో తిరగబడ్డ కథ. ఎర్ర యాపిళ్లలో మేస్త్రీ జన్యువు దగ్గర వచ్చి పడ్డ ముక్క దాని గొంతు పెంచిందని 2019లో తేలింది. సిసిలీ రక్తవర్ణపు నారింజలో మరీ విచిత్రం. అక్కడ కూర్చున్న ముక్క చలి తగిలితేనే మేస్త్రీని లేపుతుంది. చలి లేని చోట ఆ చెట్టు కాయ మామూలు నారింజలాగే ఉంటుంది.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, ఎరుపు ఒక మెట్టు పైనున్న గుణం, తెలుపు ఒక మెట్టు కింద అన్న భావం మనలో ఉంది. జన్యువుల దగ్గర పైమెట్టు, కిందమెట్టు లేవు. ఎక్కడో ఒక ముక్క వచ్చి కూర్చుంది, ఎక్కడో లేచిపోయింది. మనిషి కంటికి ఏది నచ్చితే దాన్ని విత్తనానికి ఉంచాడు.

5. నిలదీసిన మూడు కేసులు

మొదటి కేసు ఎర్రజొన్నది. ఎర్రజొన్నలో వగరు ఉంటుందని, పశువులకు కూడా సరిగ్గా అరగదని ఒక మాట ఉంది. ఆ వగరు టానిన్‌ది. టానిన్ ఉండేది గోడలో కాదు, దాని కింద విత్తనానికి చుట్టుకున్న ఇంకో పొరలో. ఆ పొరకు రంగు, టానిన్ రావాలంటే మరో రెండు జన్యువులు రెండూ కలిసి పనిచేయాలి. వై, ఆర్‌లతో వాటికి సంబంధం లేదు. అందుకని ఎర్రగా ఉండి టానిన్ లేని జొన్నలు ఉన్నాయి. గోడ తెల్లగా ఉండి లోపల టానిన్ దాచుకున్నవీ ఉన్నాయి. ఇప్పుడు మీ వరుసల్లోకి వచ్చే పళ్లెంలో రెండు రకాల గింజలు, ఒక బ్లేడు ఉన్నాయి. గింజ పైపొట్టును మెల్లగా గీకండి. పొట్టుకూ తెల్లటి పిండికీ నడుమ ముదురు గోధుమరంగు పొర కనబడిందా, అది అనుమానించాల్సిన గింజ. (పిల్లలూ, బ్లేడు పెద్దవాళ్ల చేతికివ్వండి.)

అయితే ఈ కేసులో సాక్షి పూర్తిగా పనికిరానిదనీ అనలేం. గింజ ముదిరే వేళ వాన పడితే తెల్లజొన్నకు బూజు పడుతుంది, ఎర్రజొన్న సాధారణంగా కొంత తట్టుకుంటుంది. రంగు చేసే లైనులోనే తయారయ్యే కొన్ని పదార్థాలకు బూజును ఆపే గుణం ఉండటం దానికి ఒక కారణం. కాబట్టి వగరు విషయంలో ఎరుపు సాక్ష్యం చెల్లదు, బూజు విషయంలో కొంత చెల్లుతుంది.

రెండో కేసు వరంగల్ చపాటా మిరపది. టమాటా మిర్చి అని కూడా అంటారు. కాయ పొట్టిగా, బుర్రగా, ఎరుపు నిండుగా, కారం తక్కువగా ఉంటుంది. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ‘ఇంత ఎర్రగా ఉంది, నోరు మండుతుంది’ అనుకొని కొరికినవాళ్లు తెల్లబోతారు. కారం పుట్టేది లోపల గింజలు అంటుకొని ఉండే తెల్లటి గూటిలో. రంగు పుట్టేది గోడలో. కారానికి తాళంచెవి లాంటి జన్యువును 2005లో గుర్తించారు, అది చెడితే కారమే పుట్టదు. రంగు ఎంజైముల జన్యువులు వేరు. తాళాలు వేరైనప్పుడు ఒక తలుపు తెరిచి ఇంకో తలుపు దగ్గరగా వేసుకోవచ్చు. వరంగల్ రైతులు జన్యువు పేరు తెలియకుండానే తరాల తరబడి విత్తనం ఎంచి ఆ పని చేశారు. ఊరగాయకు ఎరుపు కావాలి, నోరు కాలకూడదు అనుకునే ఇంటికీ, రంగు తీసి అమ్మే కంపెనీకీ ఈ కాయ కావాలి.

మూడో కేసు టమాటాది. చక్కెర ప్రాంతం వాళ్లు ఇది ప్రత్యేకంగా వినాలి. పాత నాటు టమాటా పచ్చికాయకు తొడిమ చుట్టూ ముదురు ఆకుపచ్చ పట్టీ ఉండేది. పండాక కూడా అక్కడ ఎరుపు సమంగా రాదు. బుట్టలో చూడటానికి బాగుండదు. విత్తన పెంపకందార్లు డెబ్బై, ఎనభై ఏళ్లుగా ఆ పట్టీ లేని, కాయంతా ఒకే లేత పచ్చగా ఉండి ఒకేలా ఎర్రబడే రకాలనే ఎంచుతూ వచ్చారు. ఆ ఎంపికలో ఏం పోగొట్టుకున్నామో 2012లో తెలిసింది. ఆ పట్టీకి కారణమైన జన్యువు కాయలో పత్రహరితపు రేణువులను పెంచుతుంది. అవి కాయలోనే కొంత చక్కెర వండుతాయి. చెడిపోయిన జన్యువుతో ఎరుపు సమంగా వచ్చింది, తీపి తగ్గింది. కంటి కోసం నాలుక సొమ్ము తీసి ఇచ్చాం.

కాబట్టి మూడు కేసుల్లో మూడు తీర్పులు. జొన్నలో రంగూ వగరూ ఇరుగుపొరుగు, చుట్టాలు కారు. మిరపలో రంగూ కారం ఒకే ఇంట్లో వేరు గదుల కాపురం. టమాటాలో ఒకే జన్యువు, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. ఎరుపుకూ గుణానికీ ఉన్న బంధం ఏ పంటకు ఆ పంటే. ఒక పంటలో నేర్చుకున్నది ఇంకో పంటకు అంటగట్టకూడదు.

6. ఎండ, బజారు

ఇంత చెప్పినా జన్యువు ఒక్కటే అంతా తేల్చదు. మే నెలలో టమాటా పసుపు తిరిగిన నారింజ రంగులో ఆగిపోవడం మనకు తెలుసు. వేడి 32 డిగ్రీలు దాటితే లైకోపీన్ తయారీ దెబ్బతింటుంది, బీటా కెరోటిన్ అంతగా తగ్గదు. విత్తనం అదే, జన్యువు అదే, రంగు వేరు. ద్రాక్ష, యాపిల్ ఎరుపుకు చలి, వెలుతురు కావాలి. ఇక్కడ ఎరుపు విత్తనం గురించి కాదు, ఆ నెల వాతావరణం గురించి సాక్ష్యమిస్తోంది.

ఇక బజారు. ఆర్మూర్ ఎర్రజొన్న మనం తినే ధాన్యం కాదు. ఉత్తరాది రాష్ట్రాల్లో పచ్చిమేత కోసం చల్లే విత్తనంగా పోతుంది. అక్కడి రైతుకు కావలసింది ఎన్ని కోతలొస్తాయి, ఎంత మేత వస్తుంది అన్నది. గోడ మీది ఎరుపు ఆ రెండింటిలో ఒక్కటీ చెప్పదు. అయినా ఆ ఎరుపే మన దగ్గర పంటకు పేరైంది. ఆ పేరుతోనే 2019 ఫిబ్రవరిలో పసుపు రైతులతో కలిసి ఎర్రజొన్న రైతులు జాతీయ రహదారి మీద బైఠాయించి క్వింటాలుకు 3,500 రూపాయలు అడిగారు. రంగుకు రెండు జన్యువుల లెక్క చెప్పగలిగాను. ధరకు లెక్క చెప్పే జన్యువు లేదు. కానీ ఒక్క మాట అనగలను. కొనేవాడికి నిజంగా కావలసిన గుణం ఏదో కొలిచి, కాగితం మీద పెట్టి అమ్మే రోజున బేరంలో మన నోరు కొంచెం పెద్దదవుతుంది. రంగు మాత్రమే చూపించి అమ్మినంత కాలం ధర చెప్పేది వ్యాపారే.

దీనికి దూరం పోనక్కర్లేదు. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది, ఫుడ్ సైన్స్ కాలేజీ ఉంది. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తన భాండాగారంలో 35 వేలకు పైగా జొన్న నమూనాలు ఉన్నాయి. 2009లో జొన్న జన్యుపటం మొత్తం చదివేశారు. పుస్తకం చదివారు, అర్థం చెప్పించుకోవలసింది మనం. ఈ ఉపన్యాస నిధి నిర్వాహకులకు నా విన్నపం: ప్రతి సంవత్సరం ఒక ఉపన్యాసంతో పాటు, ఈ మండలాల రైతులు తెచ్చిన జొన్న గింజలకు ఒక టానిన్ పరీక్ష చేయించండి. ఖర్చు పెద్దది కాదు. సారుకు ఉపన్యాసం కన్నా అదే నచ్చేది.

ముగిస్తాను. పళ్లెం తిరిగి ముందుకు వచ్చింది, గీకిన గింజలతో. ఆ రోజు చాట పట్టుకొని వచ్చిన మనిషి గురించి ఒక్క మాట. పుప్పొడి పడ్డ ఏడాది గింజ రంగు మారదని చెప్పుకున్నాం. ఆ తొమ్మిదో తరగతి పరీక్షలో నాకు జీవశాస్త్రంలో వచ్చినవి అత్తెసరు మార్కులు. ఆ ఏడు కంకి చూసి ఉంటే ఈ చేనులో సారు పుప్పొడి పడిందని ఎవరూ అనరు. గింజను నేలలో వేసి ఇంకో పంటదాకా ఆగాలి. వెనక బెంచీల పిల్లలారా, మీ మార్కుల కాగితం చూసి తొందరపడే పెద్దవాళ్లకు ఈ మాట నా తరఫున చెప్పండి.